దసరా సెలవుల్లో హైదరాబాదు: పిల్లలతో నగరం చూడడానికి ఒక ఇంటి ప్రణాళిక

తెలంగాణలో దసరా సెలవులు దాదాపు రెండు వారాలు ఉంటాయి. వినడానికి చాలా రోజులే అనిపిస్తుంది. ఊరికి వెళ్లి రావడానికి నాలుగైదు రోజులు, పండుగ పనులకు రెండు మూడు రోజులు, తల్లిదండ్రులు ఉద్యోగాలకు వెళ్లక తప్పని రోజులు తీసివేస్తే, కుటుంబమంతా కలిసి నగరంలో తిరగడానికి మిగిలేవి ఐదారు రోజులే. ఆ ఐదారు రోజుల్లో నగరమంతా చూపించేయాలని బయలుదేరితే పిల్లలకు గుర్తుండేది ట్రాఫిక్, ఎండ, క్యూ మాత్రమే. అందుకని మా ఇంట్లో కొన్నేళ్లుగా ఒక నియమం పెట్టుకున్నాం. రోజుకు ఒక్క చోటే చూడాలి, అక్కడ ఏదో ఒక్క వస్తువు దగ్గరైనా తీరికగా నిలబడాలి, మధ్యాహ్నం భోజనం వేళ దాటాక కొత్త చోటికి వెళ్లకూడదు. ఈ మార్గదర్శి ఆ నియమం మీద ఆధారపడినదే. ఆరు నుంచి పదమూడేళ్ల వయసు పిల్లలు, వీలైతే ఒక నానమ్మో తాతయ్యో ఉన్న ఇంటిని దృష్టిలో పెట్టుకుని రాశాను.

మొదటి అడుగు: క్యాలెండరు ముందు కూర్చోవడం

సెలవులు మొదలయ్యే ముందు ఆదివారం ఇంటిల్లిపాదీ క్యాలెండరు తీసుకుని కూర్చోవాలి. ముందుగా ఊరి ప్రయాణం తేదీలు రాయాలి. సద్దుల బతుకమ్మకు, దసరాకు ముందు రెండు మూడు రోజులు బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు కిక్కిరిసిపోతాయి కాబట్టి, ఊరికి వెళ్లేవారు నగర విహారాలను సెలవుల మొదటి వారంలోనే ముగించుకోవడం మేలు. ఊరికి వెళ్లనివారికి పండుగ ముందు రోజుల్లో సగం ఖాళీ అయిన నగరం దొరుకుతుంది. గోల్కొండ, జూ వంటి దూరపు చోట్లను వారు అప్పటికి ఉంచుకోవచ్చు.

తరువాత వారపు సెలవులు గుర్తు పెట్టాలి. ఈ ఒక్క పని చేయక ఎన్ని కుటుంబాలు మూసిన గేటు ముందు నుంచి వెనుదిరుగుతాయో లెక్కలేదు. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్, పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం శుక్రవారం మూసి ఉంటాయి. నెహ్రూ జూ పార్కుకు సోమవారం సెలవు. చార్మినార్, గోల్కొండ కోట వారమంతా తెరిచే ఉంటాయి. గాంధీ జయంతి కూడా చాలాసార్లు ఈ సెలవుల్లోనే వస్తుంది. ఆ రోజున, పండుగ రోజున వేళలు మారవచ్చు కాబట్టి బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఫోను చేసి అడగడం అలవాటు చేసుకోవాలి. ఆ ఫోను పెద్ద పిల్ల చేత చేయిస్తే ఇంకా మంచిది. "రేపు ఎన్ని గంటలకు తెరుస్తారండీ?" అని అపరిచితులను మర్యాదగా అడగడం బడిలో నేర్పని పాఠం.

ఆ తరువాతే చోట్ల ఎంపిక. ప్రతి పిల్లవాడికీ ఒక రోజు ఇవ్వాలి. ఆ రోజు ఎక్కడికి వెళ్లాలో, ఎలా వెళ్లాలో, మధ్యాహ్నం ఏమి తినాలో ఆ పిల్లవాడే నిర్ణయిస్తాడు, పెద్దలు ఖర్చుకు మాత్రం హద్దు చెబుతారు. మా ఆరేళ్ల అబ్బాయి రెండేళ్ల క్రితం తన రోజుకు మెట్రోను ఎంచుకున్నాడు. చూడవలసిన చోటు ఏదీ లేదు, మియాపూర్ నుంచి ఎల్బీ నగర్ దాకా రైలులో వెళ్లి తిరిగి రావడమే వాడి కోరిక. నాకు అది వృథా అనిపించింది. కానీ కిటికీకి ముఖం ఆనించి స్టేషన్ల పేర్లు తెలుగులో పైకి చదువుకుంటూ వచ్చిన ఆ పిల్లవాడు ఇంటికి వచ్చేసరికి ఇరవైకి పైగా స్టేషన్లను వరసగా చెప్పగలిగాడు. అప్పటి నుంచి పిల్లల ఎంపికను నేను ప్రశ్నించడం మానేశాను.

వరసగా రెండు రోజులు బయటికి వెళ్లకూడదు. ఒక రోజు బయట, ఒక రోజు ఇంట్లో అన్న లెక్క పిల్లల ఒంటికీ, పెద్దల జేబుకూ సరిపోతుంది.

రెండవ అడుగు: ప్రయాణం, సంచి, డబ్బు

హైదరాబాదు మెట్రోలో మూడు మార్గాలు ఉన్నాయి: మియాపూర్ నుంచి ఎల్బీ నగర్, నాగోల్ నుంచి రాయదుర్గం, జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్. అమీర్‌పేట, ఎంజీబీఎస్, పరేడ్ గ్రౌండ్స్ స్టేషన్లలో ఒక మార్గం నుంచి మరొక మార్గానికి మారవచ్చు. బిర్లా ప్లానెటేరియం, రాష్ట్ర మ్యూజియం, అసెంబ్లీ పరిసరాలకు మెట్రో అన్ని విధాలా అనుకూలం. పాతబస్తీకి వెళ్లాలంటే ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాలి. గోల్కొండకు, జూకు మెట్రో లేదు. గోల్కొండకు మెహదీపట్నం నుంచి, జూకు అఫ్జల్‌గంజ్ వైపు నుంచి సిటీ బస్సులు దొరుకుతాయి.

తెలంగాణ ఆడపిల్లలకు, మహిళలకు 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కండక్టరుకు రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. అమ్మ, నానమ్మ, ఇద్దరు ఆడపిల్లలు ఉన్న ఇంటికి నెలంతా తిరిగినా బస్సు ఖర్చు నాన్నదొక్కడిదే. ఒకే రోజు నాలుగైదు బస్సులు మారవలసి వస్తే మగవారు ఇరవై నాలుగు గంటలు చెల్లే టీ-24 టికెట్ ధర కండక్టరును అడిగి లెక్క చూసుకోవాలి.

సంచిలో పెట్టవలసినవి కొద్దే. మనిషికొక నీళ్ల సీసా, టోపీలు, ఒక గొడుగు, చిన్న తువ్వాలు, ఒక జత పిల్లల బట్టలు, బ్యాండెయిడ్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, పిల్లల ఆధార్ నకళ్లు చాలు. ఆధార్ ఎందుకంటే భారత పురావస్తు సర్వే నిర్వహించే కట్టడాల్లో పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. చార్మినార్, గోల్కొండ రెండూ ఆ సంస్థ కిందివే. ఎత్తుగా ఎదిగిన పన్నెండేళ్ల పిల్లవాడి వయసు గురించి టికెట్ కిటికీ దగ్గర వాదన రాకుండా ఆ నకలు కాపాడుతుంది.

భోజనం ఇంటి నుంచే తీసుకువెళ్లడం ఉత్తమం. పులిహోర పొద్దున కలిపినది మధ్యాహ్నానికి ఇంకా రుచిగా ఉంటుంది, పాడవదు, చెంచా లేకుండానే తినవచ్చు. పెరుగన్నం తీసుకువెళ్లేవారు అన్నంలో పాలు ఎక్కువ, పెరుగు ఒక్క చెంచా వేసి కలిపితే మధ్యాహ్నానికి పులవకుండా తోడుకుంటుంది. బయట కొనే వస్తువు రోజుకు ఒక్కటి మాత్రమే అని ముందే చెప్పాలి. అది ఉస్మానియా బిస్కట్లు కావచ్చు, ఐస్‌క్రీమ్ కావచ్చు, గాజులు కావచ్చు. ఏది కావాలో పిల్లలే తేల్చుకుంటారు, అడుగడుగునా మారాం ఉండదు.

రద్దీ చోటికి వెళ్లేటప్పుడు మూడు జాగ్రత్తలు తప్పనిసరి. ఇంటి గుమ్మంలోనే పిల్లలకు ఆ రోజు బట్టల్లో ఒక ఫోటో తీయాలి. ఫోను నంబరు రాసిన చీటీ జేబులో పెట్టాలి. చేరగానే "తప్పిపోతే ఇక్కడికి రావాలి" అని ఒక గుర్తు చూపించాలి. పిల్లలు తప్పిపోయినప్పుడు సహాయానికి 1098, పోలీసులకు 100 లేదా 112 అని పిల్లల చేత కంఠతా పట్టించాలి.

మూడవ అడుగు: మూసీ ఒడ్డున ఒక రోజు

మొదటి విహారానికి సాలార్‌జంగ్ మ్యూజియాన్ని సూచిస్తాను. ఎండా వానా తగలవు, పెద్దలకు కూర్చోవడానికి చోటు ఉంటుంది, పిల్లల ఆసక్తి ఏదైనా అందుకు తగిన గది ఒకటి దొరుకుతుంది. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ జీవితమంతా సేకరించిన వస్తువులతో, ఆయన మరణించిన రెండేళ్లకు, 1951 డిసెంబరులో వారి పాత నివాసమైన దివాన్ దేవిడీలో ఈ ప్రదర్శనశాల మొదలైంది. ఇప్పటి భవనంలోకి 1968లో మారింది. గదులు ముప్పైకి పైగా ఉన్నాయి. అన్నీ చూడడానికి ప్రయత్నించవద్దు, నాలుగు గదులు చాలు.

ఉదయం పదింటికి తలుపులు తెరుస్తారు. పదిన్నరకు లోపల ఉండేలా చూసుకుని, మేలిముసుగు రెబెక్కా శిల్పం, రెండు వైపులా రెండు బొమ్మలు కనిపించే మెఫిస్టోఫిలిస్–మార్గరెట్టా కొయ్య శిల్పం, ఆయుధాల గది చూసి, పదకొండూ ముప్పావుకల్లా సంగీత గడియారం ముందుకు చేరుకోవాలి. ఆలస్యమైతే ముందు వరసలో చోటు దొరకదు.

ఆ గడియారం ముందు గడిపే పదిహేను నిమిషాలే ఆ రోజంతటికీ ప్రాణం. ఇంగ్లండులో తయారైన భాగాలతో కలకత్తాలో కుక్ అండ్ కెల్వీ సంస్థ కూర్చిన గడియారం అది. ముఖం కింద ఒక చిన్న కమ్మరి బొమ్మ సెకనుకొక దెబ్బ చొప్పున సుత్తితో కొడుతూనే ఉంటుంది. పన్నెండు కావడానికి కొద్దిగా ముందు ఒక చిన్న తలుపు తెరుచుకుని, గడ్డం ఉన్న బొమ్మ ఒకటి బయటికి వచ్చి గంట ముందు నిలబడుతుంది. అంతవరకు గోలగోలగా ఉన్న ఆవరణ ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. గంట మొదటి దెబ్బ పడగానే పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలుపెడతారు. పన్నెండవ దెబ్బ కొట్టి బొమ్మ లోపలికి వెళ్లిపోయి తలుపు మూసుకున్నాక ఒక్క క్షణం ఎవరూ కదలరు. పన్నెండు గంటలకే ఎందుకు వెళ్లమంటున్నానంటే, ఒంటిగంటకు వెళితే ఒక్క దెబ్బతో అయిపోతుంది. చిన్న పిల్లలకు ఆ తేడా చాలా పెద్దది.

మ్యూజియం నుంచి బయటికి వచ్చి, భోజనం చేసి, ఓపిక ఉంటే నయాపూల్ వంతెన మీద నిలబడి మూసీని చూపించండి. ఇప్పటి నీటిని చూసి పిల్లలు ముక్కు మూసుకుంటారు. అప్పుడు చెప్పవలసిన కథ 1908 సెప్టెంబరు 28 నాటి వరద. ఆ రోజు నది పొంగి నగరంలోకి చొచ్చుకువచ్చి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఒడ్డున ఉన్న ఒక చింతచెట్టు కొమ్మలెక్కి దాదాపు నూట యాభై మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నిలిచి ఉంది. ఆసుపత్రి కాబట్టి పిల్లల గుంపుతో లోపలికి వెళ్లకుండా, దాని గుమ్మటాలను వంతెన మీద నుంచి చూపిస్తే సరిపోతుంది. ఆ విపత్తు తరువాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సలహా మేరకు మూసీ మీద ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద హిమాయత్‌సాగర్ వెలిశాయి. మొదటిది 1920లో, రెండవది 1927లో పూర్తయింది. "మనం గండిపేట అంటాం చూడు, అదే ఉస్మాన్‌సాగర్" అని చెప్పినప్పుడు మా అమ్మాయి, "అంటే గండిపేట వరద వల్ల పుట్టిందా నాన్నా?" అని అడిగింది. ఆ ప్రశ్న వచ్చిన రోజు మరో చోటు చూపించవలసిన పని లేదు.

చార్మినార్‌ను ఇదే రోజుకు జోడించాలన్న కోరిక చాలామందికి కలుగుతుంది. నేను వేరే ఉదయానికి ఉంచమంటాను. 1591 నాటి ఆ కట్టడం పైకి వెళ్లే మెట్లు నూట నలభై తొమ్మిది. ఇరుకుగా, నిటారుగా మెలికలు తిరిగి ఉంటాయి, అలసిన కాళ్లతో ఎక్కేవి కావు. ఉదయం తొమ్మిదిన్నరకు అక్కడ ఉంటే పైకి ఎక్కి దిగి, నాలుగు దిక్కులా ఉన్న గడియారాలు 1889లో అమర్చినవని చెప్పి, లాడ్ బజారులో లక్క గాజులు చూడవచ్చు. కొలిమి మీద వేడి చేసిన లక్కను వంచి, దాని మీద ఒక్కొక్క రాయినీ అద్దే పనివారు కనిపిస్తే, ఏమీ కొనకపోయినా అనుమతి అడిగి కాసేపు నిలబడి చూడాలి.

నాలుగవ అడుగు: గోల్కొండ ఎక్కడం

గోల్కొండకు వేళ ముఖ్యం. ఉదయం తొమ్మిదికి గేటు దగ్గర ఉండాలి. పైకి దాదాపు మూడు వందల అరవై మెట్లు. పదకొండు దాటితే రాళ్లు వేడెక్కి చిన్న పిల్లలు సగంలోనే కూలబడతారు. ఒకసారి మేము మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి, తాతయ్యకు కళ్లు తిరిగితే మధ్య నుంచే దిగి వచ్చాం. పెద్దవారు వెంట ఉంటే వారిని కింద తోటలో నీడన కూర్చోబెట్టి, వారికొక పని అప్పగించండి. ఆ పని చప్పట్లు కొట్టడం.

ప్రవేశద్వారం లోపలి గోపురం కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుందన్నది అందరికీ తెలిసిన మాటే. కానీ అందరూ కింద నిలబడి చప్పట్లు కొట్టి సంతోషించి పైకి నడుస్తారు, పైన విన్నవారు ఉండరు. దాన్ని నిజమైన ప్రయోగంగా మార్చాలి. కుటుంబాన్ని రెండుగా విడదీసి, ఒక జట్టు పైకి చేరాక ఫోనులో సమయం నిర్ణయించుకుని, కింది జట్టు తనకు తోచినన్ని చప్పట్లు కొట్టాలి. పై జట్టు విన్న సంఖ్య రాసుకోవాలి. తరువాత గోపురం కింద నుంచి పది అడుగులు పక్కకు జరిగి మళ్లీ కొట్టాలి. రెండు సంఖ్యలనూ సాయంత్రం పోల్చి చూస్తే, ధ్వని పరావర్తనం మీద బడిలో చదివిన పేజీ పిల్లలకు తమంత తామే గుర్తుకువస్తుంది. జనం ఎక్కువగా ఉంటే ఇతరుల చప్పట్లతో లెక్క చెడిపోతుంది. పెందలాడే వెళ్లమనడానికి ఇది మరో కారణం.

దారిలో రెండు చోట్ల ఆగాలి. మొదటిది, కొండ పైకి నీరు ఎలా ఎక్కించారో చూపే మట్టి గొట్టాలు, తొట్లు. రెండవది రామదాసు బందీఖానా. భద్రాచలం ఆలయానికి ప్రభుత్వ ధనం వెచ్చించినందుకు కంచర్ల గోపన్నను తానీషా కాలంలో ఇక్కడే బంధించారు. చీకటి గది గోడ మీద ఆయన చెక్కినవని చెప్పే దేవతా రూపాలు ఇప్పటికీ కనిపిస్తాయి. రామదాసు కీర్తనలు తెలిసిన నానమ్మ ఇంట్లో ఉంటే ఆమెను ఎలాగైనా అక్కడిదాకా తీసుకువెళ్లి ఒక కీర్తన పాడించండి. ఆ గదిలో గొంతు వినిపించే తీరు వేరు.

ఒక పొరపాటును కూడా సరిదిద్దాలి. గోల్కొండ వజ్రాలు ఈ కొండలో దొరికాయని చాలామంది పిల్లలు, కొందరు పెద్దలు అనుకుంటారు. అవి దొరికింది కొల్లూరు వంటి కృష్ణా తీర గనుల్లో. ఇక్కడ జరిగింది వాటి వ్యాపారం. కోట చూశాక శక్తి మిగిలితే దగ్గరలోని కుతుబ్‌షాహీ సమాధుల తోటలో నడవవచ్చు. లేకపోతే ఇంటికి రావడమే మంచిది.

ఐదవ అడుగు: మిగిలిన చోట్లు, క్లుప్తంగా

నెహ్రూ జూ పార్కు 1963లో ప్రారంభమైంది. విస్తీర్ణం 380 ఎకరాలు. అంతా నడిచి చూడడం చిన్న పిల్లల వల్ల కాదు. లోపలి బ్యాటరీ బండ్లను వాడుకోవాలి, మూడు జంతువులను మాత్రం ఎంచుకుని వాటి దగ్గర ఆగాలి. జూ పక్కనే ఉన్న మీర్ ఆలం చెరువు కట్ట ఇరవై ఒక్క అర్ధచంద్రాకారపు తోరణాలను పక్కపక్కన పేర్చి కట్టినది. ఇంజనీరింగు మీద ఆసక్తి ఉన్న పిల్లలకు సింహం కంటే అది ఎక్కువ నచ్చినా ఆశ్చర్యపోనక్కరలేదు.

వాన పడే రోజుకు బిర్లా ప్లానెటేరియాన్ని అట్టిపెట్టుకోవాలి. సెప్టెంబరు చివర, అక్టోబరులో మధ్యాహ్నం వానలు మామూలే. తెలుగు ప్రదర్శన వేళలు అడిగి తెలుసుకుని వెళితే చిన్న పిల్లలు కూడా ఆసక్తిగా వింటారు. పక్కనే ఉన్న సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఉంది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికిన ఎముకలతో దాన్ని నిలబెట్టారు. డైనోసార్లంటే ఎక్కడో విదేశాల్లోనివని అనుకునే పిల్లలకు, మన గోదావరి తీరంలో ఇంత ప్రాణి తిరిగిందని తెలియడం చిన్న విషయం కాదు. రాష్ట్ర మ్యూజియంలోని ఈజిప్టు మమ్మీని మరో వాన రోజుకు ఉంచుకోవచ్చు.

సాయంత్రం పూట మాత్రమే ఖాళీ దొరికేవారికి హుస్సేన్‌సాగర్ ఉంది. లుంబినీ పార్కు నుంచి పడవలో బుద్ధ విగ్రహం దాకా వెళ్లేటప్పుడు, ఆ ఏకశిలా విగ్రహం 1990లో తరలిస్తుండగా నీట మునిగిందనీ, దాదాపు రెండున్నరేళ్లు అడుగున ఉండి 1992 డిసెంబరు 1న పీఠం మీదికి చేరిందనీ చెబితే పిల్లలు నీళ్లలోకి తొంగి చూస్తారు. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కవద్దు, ఎంత ఆలస్యమైనా సరే.

ఆదివారం ఉదయం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. పిల్లలకు తలా రెండు వందల రూపాయలు ఇచ్చి, బేరం కూడా వారినే ఆడనివ్వండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తృప్తినిచ్చే విహారం నగరంలో మరొకటి నాకు తెలియదు. షాపింగ్ మాల్ గేమ్ జోన్ల గురించి రాయడం లేదు. వాటికి సెలవులు అక్కరలేదు.

ఆరవ అడుగు: ఇంటి రోజును బతుకమ్మకు ఇవ్వడం

దసరా సెలవుల అసలు సొగసు బయటి చోట్లలో లేదు, బతుకమ్మలో ఉంది. భాద్రపద అమావాస్య నాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై సద్దుల బతుకమ్మతో ముగిసే తొమ్మిది రోజుల్లో, అపార్టుమెంటులో ఉండేవారు కనీసం ఒక్క రోజైనా బతుకమ్మను పిల్లల చేత పేర్పించాలి. ఆరవ రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మను పేర్చరు. దూరపు విహారానికి ఆ రోజును వాడుకోండి.

పూల కోసం తెల్లవారుజామున గుడిమల్కాపూర్ మార్కెట్‌కు ఒక్క పిల్లనైనా వెంట తీసుకువెళ్లండి. ఐదున్నరకే అక్కడ బంతి, చామంతి గుట్టలు గుట్టలుగా పోసి ఉంటాయి. నేల తడిగా ఉంటుంది కాబట్టి జారని చెప్పులు వేసుకోవాలి. తంగేడు, గునుగు ఊళ్ల నుంచి తెచ్చి కట్టలుగా అమ్ముతారు. పువ్వు రాలుతున్న తంగేడు తీసుకోవద్దు. మొగ్గలు సగం, విరిసినవి సగం ఉన్న కట్ట మధ్యాహ్నం దాకా నిలుస్తుంది.

ఇంటికి రాగానే పని పంచాలి. చిన్నవాళ్లు బంతిపూల తొడిమలు తీస్తారు, రంగుల వారీగా పళ్లేల్లో వేరుచేస్తారు. గునుగును సమానంగా కత్తిరించి, గుప్పెడేసి దారంతో కట్టి, కొసలను రంగు నీళ్లలో ముంచి ఆరబెట్టడం కాస్త పెద్ద పిల్లల పని. పసుపు నీళ్లు, బీట్‌రూట్ రసం వాడితే చేతులకు హాని ఉండదు, చెరువుకూ హాని ఉండదు. ఇత్తడి తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, అంచు వెంట తంగేడు పూలను వలయంగా పేర్చి, దాని మీద గునుగు, తరువాత బంతి, ఆ పైన చామంతి అంటూ ఒక్కొక్క వరుసా కొద్దిగా లోపలికి జరుపుకుంటూ రావాలి. ప్రతి వరుస తరువాత నడిమి ఖాళీని తరిగిన కాడలతో, ఆకులతో గట్టిగా కూరాలి. ఇక్కడే పిల్లలు తొందరపడతారు. మొదటి ఏడు మా పిల్లలు పైపై అందం చూసుకుంటూ నడుమ కూరడం మరిచారు. ఏడవ వరుస దగ్గర బతుకమ్మ ఒక పక్కకు ఒరిగి, పూలన్నీ ఒడిలోకి జారాయి. మా అమ్మ ఒక్క మాట అనకుండా అన్నీ విప్పించి, "నడుమ గట్టిగుంటేనే బిడ్డా, మీద పువ్వు నిలుస్తది" అంటూ మొదటి వరుస నుంచి మళ్లీ పేర్పించింది. చివర గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మను ఉంచితే బతుకమ్మ సిద్ధమైనట్టే.

సాయంత్రం కాలనీలో ఆడేటప్పుడు ఉయ్యాల పాటలు రాని పిల్లలను పక్కన కూర్చోబెట్టవద్దు. ఒకరు చరణం చెబితే మిగిలినవారు "ఉయ్యాలో" అని అందుకుంటే చాలు కాబట్టి, రెండు నిమిషాల్లో ఎవరైనా కలిసిపోవచ్చు. సత్తుపిండి, నువ్వుల సద్ది పంచే పని కూడా పిల్లలకే ఇవ్వండి. నిమజ్జనానికి దగ్గరి చెరువుకు వెళ్లినప్పుడు చిన్నపిల్లలను మెట్ల పైనే ఆపాలి. పూలను మాత్రమే నీటిలో విడిచి, ప్లాస్టిక్ సంచులు వెనక్కి తేవాలి.

దసరా ఉదయం పాలపిట్టను వెదకడం ఒక ఆచారం. దాన్ని పంజరంలో పెట్టి చూపించి డబ్బు అడిగేవారిని ప్రోత్సహించవద్దు. నగర శివార్లలో కరెంటు తీగల మీద దృష్టి పెట్టి ఓపికగా చూస్తే, అది రెక్క విప్పినప్పటి నీలిరంగు స్వేచ్ఛగా కనిపించే అవకాశం ఉంది. సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కడం, ఆలయ్ బలయ్ (ఆలింగనం) తీసుకోవడం ఎలాగూ ఉంటాయి.

ఏడవ అడుగు: సాయంత్రాల పుస్తకం, చివరి రెండు రోజులు

ప్రతి విహారం రోజు రాత్రి ఒక నోటుపుస్తకంలో టికెట్లు, బస్సు చీటీలు అతికించి, ఒక్కొక్కరు ఒక్క వాక్యం రాయాలి. చిన్నవారు బొమ్మ గీయవచ్చు. ఖర్చు లెక్క కూడా అందులోనే వేయించండి. ప్రయాణం, టికెట్లు, తిండి అని మూడు గీతలు గీస్తే చాలు. కూడికలు పిల్లలే చేస్తారు. బడిలో ఇచ్చిన హోంవర్కును ఇంటి రోజుల ఉదయాలకు పంచితే చివరి రాత్రి ఏడుపులు ఉండవు.

పిల్లలకు జ్వరం వచ్చినా, పెద్దలకు సెలవు దొరకకపోయినా పోయిన రోజును మరో రోజులో ఇరికించవద్దు. ఆ చోటు పేరును నోటుపుస్తకం చివరి పేజీలో రాసి సంక్రాంతి సెలవులకు వాయిదా వేయండి. అప్పటికి నాంపల్లిలో ఏటా జరిగే నుమాయిష్ ప్రదర్శన కూడా ఉంటుంది.

బడి తెరిచే ముందు రెండు రోజులు ఎక్కడికీ వెళ్లకూడదు. రాత్రి పదకొండుకు జరిగిన నిద్రవేళను రోజుకు ఒక గంట చొప్పున వెనక్కి తేవడానికి అంత సమయం కావాలి. యూనిఫాం ఇస్త్రీ చేసి, బూట్లు పట్టి చూడండి. రెండు వారాల్లో కాళ్లు పెరగడం నేను చూశాను. నోటుపుస్తకాన్ని బడి సంచిలో పెట్టి పంపితే, మొదటి రోజు టీచరు "సెలవుల్లో ఏం చేశావు?" అని అడిగినప్పుడు తీసి చూపించడానికి చేతిలో ఒకటి ఉంటుంది.